ఇంటి ఆటలు - బిడ్డల చదువు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమమునకు చేరువగా, సాక్చీ అను పల్లె ఉన్న తావున ఉక్కు కర్మాగారము లేచినది. అందు 1912లో తొలి ఉక్కు వెలువడెను. 1919లో ఆ తావునకు జంషెడ్జీ టాటా పేర జంషెడ్‌పూర్ అను నామ మేర్పడెను. పనికై వెళ్లి అచట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. బిష్టుపురమున ఆంధ్ర భక్తుల శ్రీరామమందిరము కలదు. నేడచట పెరుగుచున్న బిడ్డలలో అనేకులు ఆ వలసవారికి మనుమలు, మునిమనుమలు. బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ, తెలుగు ఇంటిలోనే వినబడవలెను. ఆ ఇంటిలో తండ్రి షిఫ్టు బడలిక తీర్చుకొనుచుండును; బిడ్డ చేత ఫోను వెలుగుచుండును. ఇట్టియెడ తల్లిదండ్రులు బిడ్డకు ఏమి నేర్పగలరు?

అంగడిలో రంగుల పెట్టెలలో దొరకు విద్యావినోదములను నిందింప బనిలేదు. 1760 ప్రాంతమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ అను పటముల పనివాడు చెక్కకు దేశపటము నంటించి, ఎల్లల వెంబడి కోసి, భూగోళము నేర్పుటకై అమ్మెను. ముక్కలు కూర్చు నేటి చిత్రముల కదియే పూర్వరూపము. కాని బామ్మ పెట్టెలోని గవ్వలకును, చింతపిక్కలకును వెల లేదు. వాని గురువు ఇంటనే యున్నది.

వామనగుంటలలో పదునాలుగు గుంటలు. గుంట కయిదేసి పిక్కలు వేసిన డెబ్బది. అయిదేండ్ల బిడ్డ ఒక్కొక్క పిక్కను వ్రేలితో లెక్కించును. కొన్నాళ్లకు పిడికెడు చేత బట్టి, చివరి పిక్క ఏ గుంటలో పడునో ముందే కన్నులతో చూచును. ఈ మార్పును బిడ్డ తానుగా సాధింపవలెను. పెద్దలు తొందరపడి చెప్పిరా, ఆట పాఠమై పోవును, బిడ్డ లేచిపోవును.

లెక్కను పైకి పలుకుట ముఖ్యము. 2008లో అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అను పరిశోధకులు చిన్నబిడ్డలచే ఒకటి మొదలు పదివరకు అంకెలు వరుసగా నున్న పలకపై, అంకెలు పలికించుచు ఆట లాడించిరి. రెండు వారములలో పదునైదేసి నిమిషములు నాలుగు మారులు ఆడినంతనే వారి సంఖ్యాజ్ఞానము హెచ్చినది; అంకెలు లేని రంగుగడులపై ఆడినవారికి అట్టి లాభము కలుగలేదు. మన అష్టాచెమ్మా గడులు సుడి తిరిగి లోనికి పోవును గనుక ఆ ఫలితము దీనికి నట్లే వర్తించునని చెప్పరాదు. అయినను పలుకుట మానవలదు, తెలుగులోనే పలుకవలెను. హిందీలో నూరువరకు సంఖ్యల పేర్లు చాలవరకు విడివిడిగా కంఠస్థము చేయవలసినవి. తెలుగున ఇరువది దాటిన పిదప పదుల పేరునకు ఒకట్ల పేరు చేర్చిన చాలును. జంషెడ్‌పూర్ బిడ్డకు ఈ సులువు ఇంటి ధనము.

అష్టాచెమ్మాలో మరియొక విశేషము కలదు. నాలుగు గవ్వలును బోర్లపడిన అష్ట, వెల్లకిలపడిన చెమ్మ. ఇవి యేల అరుదు? గవ్వ రెండు వైపులకును సమముగా పడునదైనచో, పదునారు విధములలో రెండు వెల్లకిలపడుట ఆరు విధములు. అష్టకు ఒకటే, చెమ్మకు ఒకటే. పదేండ్ల బిడ్డ నూరుమార్లు వేసి గీతలు గీసికొన్న, తన గవ్వలు ఎట్లు పడునో తానే కనుగొనును. నిజమైన గవ్వ సమముగా పడదనియు అప్పుడే తెలియును.

పులిజూదమందు బుద్ధికి తోడు స్వభావమునకును పరీక్ష కలదు. పులులు మూడు, మేకలు పదునైదు. మేక లన్నియు దిగువరకు ఏ మేకయు కదలరాదు. పులి దూకి చంపుచుండును. బిడ్డలు తొలుత పులి పక్షమే కోరుదురు. పక్షములు మార్చి ఆడింపవలెను. మేకల నడుపువాడు ఒకటి పోయినను కలవరపడక, మిగిలినవానిని జంటలుగా నిలిపి పులిని కట్టవలెను. ఇచట తండ్రులు తప్పుచేయుదురు. బిడ్డ ఏడ్చునని కావలెనని ఓడుదురు. లేదా ప్రతి ఎత్తును తప్పుపట్టుదురు. మొదటి దానిని బిడ్డ త్వరలోనే కనిపెట్టును, రెండవ దానివలన ఆటనే విడుచును. బలాబలములు సరిచూచుటకు వేరొక ఉపాయము కలదు: నేర్పరియైన తండ్రి తాను రెండు పులులతోనే ఆడవచ్చును.

రాత్రి షిఫ్టునకు పోవు తండ్రికి సాయంకాలము అరగంట చిక్కును. వరండాలో సుద్దముక్కతో గీచిన పటమును, అందలి రాళ్లను ఎవరును చెరపక అట్లే యుంచినచో, నిలిచిన ఎత్తునుండి మరునాడు సాగింపవచ్చును. ఈలోపల బిడ్డ ఆ పటము చెంతకు పోయి, ఎవరును చెప్పకయే, తన తరువాతి మేకను ఎచట నిలుపవలెనో చూచుకొనుచుండును.