అనుభవం దగ్గర గీత కొట్టొద్దు చెల్లీ

టీ పెట్టాను, రా కూర్చో. ఆ ఫారం ఇటివ్వు చూద్దాం. నిన్న గార్మెంట్ కంపెనీ గేటు దగ్గర ఇచ్చిందేగా? మడిచి, విప్పి, మళ్ళీ మడిచి చిరిగిపోయేలా చేశావు పాపం. ముందు దీనికో జిరాక్స్ తీయిద్దాం. కొట్టివేతలూ తప్పులూ అన్నీ దానిమీదే కానీ. అసలుది చివర్లో శుభ్రంగా నింపుకుందాం.

కన్నడ చూసి జంకుతున్నావా? హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కి దొడ్డబళ్ళాపురంలో దిగిన మనందరికీ మొదట్లో అదే జంకు. నెమ్మదిగా చూడు, అక్షరాలు చాలావరకు మనవాటిలాగే ఉంటాయి. 'హెసరు' అంటే పేరు. 'సహి' అంటే సంతకం. 'విళాస' అని ఉంటే కంగారు పడకు, అడ్రసు అడుగుతున్నారంతే. మన అవ్వలు కూడా ఉత్తరం మీద విలాసం రాయమనేవాళ్ళు కదా!

అసలు చిక్కు పేరుతోనే. టెన్త్ మెమోలో ఇంటిపేరుతో సహా పొడుగ్గా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క ఇనీషియల్. పెళ్ళయి ఇక్కడికొచ్చాక తీసుకున్న కాగితంలో 'కోం' అని పెట్టి ఆయన పేరు. మనకు మూడూ మనమే, కంప్యూటర్‌కు మాత్రం మనం ముగ్గురం. రేపు పీఎఫ్ డబ్బు తీసుకునే రోజున పేర్లు కలవకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఎవరు? అందుకని ముందు ఆధార్‌ను మెమో ప్రకారం మార్పించుకో. పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ అయితే ఒక్కసారే. సెంటర్లో స్క్రీన్ చూపించినప్పుడు అక్షరం అక్షరం చదివాకే సరే అను. వెనక క్యూ ఉంటే ఉండనీ.

చేరేరోజు పీఎఫ్ కోసం ఫారం 11 అని ఒకటిస్తారు. ఇంతకుముందు నువ్వు ఇంకో కంపెనీలో ఎనిమిది నెలలు చేశావుగా, అప్పుడు పీఎఫ్‌కు ఇచ్చిన యూఏఎన్ నంబరు 12 అంకెలూ అందులో రాయాలి. "అది పోయిందక్కా, కొత్తది తీసుకుంటా" అనకు తల్లీ. పీఎఫ్ పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసుండాలి. కంపెనీ మారినప్పుడల్లా కొత్త నంబరు తీసుకుంటే ఆ పదేళ్ళూ ముక్కలు ముక్కలైపోవూ? 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ తీసుకునే రూలు మారుస్తున్నారని బెంగళూరులో వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు రోడ్డెక్కితే కేంద్రమే వెనక్కి తగ్గింది. అప్పటి కార్మిక మంత్రి మన బండారు దత్తాత్రేయే. అంత కొట్లాడి నిలబెట్టుకున్న డబ్బు, ఒక నంబరు రాసిపెట్టుకోవడానికి బద్ధకమా?

సరే, ఇదేంటి? 'అనుభవ' అన్నచోట గీత కొట్టేశావేం?

"ఏం చేశానక్కా, ఆ ఎనిమిది నెలలు తప్ప ఇంట్లోనే ఉన్నాగా" అంటావు. ఇంట్లో ఏం చేశావు? అత్తారింట్లో నాలుగు మరమగ్గాలు. పొద్దున్నే కండెలు చుట్టేదెవరు? చప్పుడు మారిందని వంటింట్లోంచే పసిగట్టి, పరిగెత్తుకొచ్చి, తెగిన పోగు వెతికి ముడేసేదెవరు? కొత్త పడుగు వస్తే పాత కొసలకు ఒక్కో పోగూ అతికేదెవరు? అలా అతికిన ఒక సాయంత్రం నీ వేలికొసలు నేను చూశాను. అన్నం కలపడానికి కూడా ఓర్చుకోలేకపోయావు. ఎవరూ జీతం ఇవ్వలేదు కాబట్టి మనమే దాన్ని పని అనడం మానేశాం. రాయి: 'ఇంటి దగ్గర మరమగ్గం పని. కండెలు చుట్టడం, పోగులు అతకడం, చీరలో లోపాలు చూడటం.' గార్మెంట్‌లో చెకింగ్ టేబుల్ దగ్గర కావాల్సింది ఆ కళ్ళే. చిన్నోడి కోసం పని ఆపిన రెండేళ్ళూ దాచకు, అడిగితే ఉన్నమాట చెప్పు.

అలాగని రానిది రాయకు. ఓవర్‌లాక్ మిషన్ ముట్టకుండానే 'వచ్చు' అన్నావనుకో, అక్కడే కూర్చోబెట్టి గుడ్డముక్క చేతికిస్తారు. అప్పుడు చూడాలి మన మొహం!

అన్నట్టు, మీ ఆడపడుచు గ్రామీణ బ్యాంకు పరీక్షకు కడుతోందటగా? ఆ పరీక్ష పెట్టే ఐబీపీఎస్ వాళ్ళ ఫారంలో సంతకం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో చేస్తే ఒప్పుకోరని చెప్పు. తెల్లకాగితం, నల్లసిరా, ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్ నంబరూ మెయిలూ తనవే ఉండాలి. నా సంగతి తెలుసుగా? సైబర్ సెంటర్ అబ్బాయి తొందరలో తన మెయిల్ పెట్టేశాడు. హాల్ టికెట్ అతని దగ్గరికే వెళ్ళింది. నాకు తెలిసేసరికి పరీక్ష అయిపోయి నాలుగు రోజులు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నేను. అతన్ని ఏమని తిట్టను, చూసుకోకుండా డబ్బిచ్చి వచ్చేసింది నేనైతే?

ఇంకోటి, పరీక్ష ఫీజు వేరు, "రెండువేలు వేస్తే ఉద్యోగం ఖాయం" అనే ఫోన్ వేరు. అలాంటిదొస్తే పెట్టేయ్, ఓటీపీ కూడా చెప్పకు.

టీ చల్లారిపోయింది, తాగు. ఇదిగో నల్ల పెన్ను. మగ్గం పని ఎన్నేళ్ళని రాద్దాం? ఆరా, ఏడా? పెద్దోడు ఉయ్యాల్లో ఉండగానే కండెలు చుట్టేదానివిగా, వాడి వయసు చెప్పు ముందు.