తూటా డొల్లలను ఎప్పుడు విడువవలెను?

మోకు తెగువరకు వేచియుండు రైతు లేడు. పేటలు సడలి నారలు పైకి తేలినతోడనే దానిని తీసివేసి క్రొత్తది కట్టును. కాని తుపాకి లైసెన్సు కలిగి, చట్టము అనుమతించిన మేరకు తూటాలను స్వయముగా నింపుకొను పట్టాదారులలో కొందరు ఇత్తడి డొల్లల విషయమున నీ జాగ్రత్త పాటింపరు. డొల్ల చూపునకు మెరయుచునే యుండును. దాని బలము తగ్గిన సంగతి సులభముగా కానరాదు. కావున ఏ గుర్తులు కనబడినప్పుడు డొల్లను విడువవలెనో ఇందు తెలుపబడుచున్నది.

డొల్ల చెడు విధము

రైఫిలు తూటా డొల్ల నూటికి సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము కలిసిన ఇత్తడితో చేయబడును. మందు మండగానే వాయువు త్రోపుచే డొల్ల ఉబ్బి, తుపాకిలో తూటా యుండు గది గోడల నంటుకొనును. అందుచే వాయువు వెనుకకు రాక గుండును ముందుకు త్రోయును. పిదప డొల్ల కొంచెము ముడుచుకొని వెలికి వచ్చును. మరల నింపుటకు దానిని అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తేవలయును. ఇట్లు ఉబ్బుటయు నొక్కబడుటయు పలుమారు జరుగగా, అటునిటు వంచిన తీగె వలె ఇత్తడి పెళుసుబారును. అదిగాక డొల్ల ప్రతిసారి పొడవున సాగి, అడుగుభాగమునకు కొంచెము పైన గోడ పలుచనగును.

పరీక్షింపవలసిన గుర్తులు

1. మూతి చీలిక. వెంట్రుకవాసి చీలిక యున్నను డొల్లను విడువవలెను. చీలని మూతిని తగుమాత్రము కాచి మెత్తపరచు పద్ధతి కలదు గాని, చీలినదానిని బాగుచేయు ఉపాయము లేదు. అడుగుభాగమునకు మాత్రము వేడి తగులనీయరాదు. అది మెత్తబడిన డొల్ల ప్రమాదకరము.

2. అడుగున వలయము. అడుగునకు కొంచెము పైగా, చుట్టును మెరయు గీత కనబడిన డొల్ల అచ్చటనే తెగుటకు సిద్ధముగా నున్నదని యెరుగవలెను. సన్నని తీగె కొనను వంచి, సూదిగా నూరి, డొల్ల లోపలి గోడవెంట అడుగునుండి పైకి లాగవలెను. కొన ఏదేని గాడిలో తగులుకొన్నచో ఆ డొల్ల పనికిరాదు. అట్టిది కాల్చునప్పుడు రెండు తునకలైనచో వేడివాయువు కాల్చువాని ముఖమువైపు రావచ్చును. ముందరి తునక గదిలోనే చిక్కుకొనును. ఒకటి రెండు పర్యాయములకే ఈ వలయము కనబడుచుండిన, దోషము తుపాకి గది వదులగుటయందుండవచ్చును. తుపాకిని నిపుణునికి చూపకుండ మరల కాల్చరాదు.

3. కేపు గుంట. క్రొత్త కేపు బిగువు లేక సులభముగా దిగినను, కాల్చిన పిదప కేపు చుట్టు నల్లని మసి కనబడినను, ఆ డొల్లను విడువవలెను.

4. పొడవు పెరుగుట. మూతి హెచ్చుగా సాగినచో గది అంచున నొక్కబడి గుండును బిగబట్టును. అందుచే వాయువు త్రోపు మిక్కుటమగును. దానిని కొలతకు కత్తిరింపవలెను. అయితే మూతివద్ద పెరిగిన లోహము అడుగునుండి వచ్చినదే. కావున పలుమారు కత్తిరింపబడిన డొల్లను తీగెతో మరింత శ్రద్ధగా పరీక్షింపవలెను.

నిలువయుంచు చోటు

19వ శతాబ్దమున భారతదేశమందలి బ్రిటిషు సైన్యపు తూటాలు వానకాలమున గుర్రపుసాలలలో నిలువయుంచబడి, కాల్చకయే చీలినవి. 1921వ సంవత్సరమున మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను శాస్త్రజ్ఞులు దీని కారణమును వివరించిరి. గుర్రముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియా, నొక్కుటచే బిగువెక్కిన ఇత్తడికి తగిలి దానిని చీల్చును. పశువుల మూత్రమునుండియు అమ్మోనియా పుట్టును. కావున తూటాలనుగాని డొల్లలనుగాని కొట్టములోను, పేడకుప్ప చెంతను, ఎరువుబస్తాల గదిలోను ఉంచరాదు. అమ్మోనియా కలిసిన మెరుగుద్రవములతో డొల్లలను తోమరాదు.

లెక్క

ఇన్నిమార్లు నింపవచ్చునని అన్ని డొల్లలకు ఒకే లెక్క చెప్పుటకు వీలులేదు. మందు పాళ్లు, గది కొలత, అచ్చు బిగువు ననుసరించి అది మారుచుండును. ఒకేసారి కొన్న డొల్లలను ఒకే పెట్టెలో నుంచి, ఎన్నిమార్లు కాల్చబడినవో చీటిపై వ్రాసియుంచుట మేలు. అందొకటి తెగినను చీలినను, తక్కినవన్నియు అదే వయసువి గాన, అన్నిటిని పరీక్షించువరకు వాడరాదు.

విడిచిన డొల్ల లెక్కను చట్టప్రకారము చూపవలసియున్న యెడల చూపిన పిదప, పొరపాటున ఎవరును మరల నింపకుండ దాని మూతిని పట్టుకారుతో నొక్కివేయవలెను. అనుమానము కలిగిన డొల్లను చెడినదిగానే యెంచవలెను. డొల్ల పోయిన మరియొకటి కొనవచ్చును; కన్ను పోయిన తిరిగి రాదు.