అతిథులొచ్చే తోటకు ఏ అంజూర?

అంజూర చెట్టు మీదే పండాలి. పచ్చిగా కోసిన కాయ మామిడిలా మగ్గదు. పండాక కోస్తే బయట ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. పండును దూరం పంపే రైతుకు ఇది తీరని ఇబ్బంది. పొలానికే అతిథులు వచ్చి, కోసుకుని అక్కడే తినే చిన్న కమతానికి మాత్రం ఇదే కలిసొస్తుంది. కాబట్టి మీరు రకం ఎంచుకునేటప్పుడు తొక్క గట్టిదనం సంగతి పక్కనపెట్టి రుచి చూడండి.

తాజాగా తినడానికి నా మొదటి ఓటు పూనా అంజూరకే. పుణె జిల్లా పురందర్‌లో తరతరాలుగా పండుతున్నది ఈ కోవ పండే. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దినకర్ రకం కూడా బాగుంటుంది. డయానా కాయ పెద్దది, పసుపుపచ్చ తొక్క, ఎండబెట్టడానికి అనువు. 5 మీటర్ల ఎడంలో పాతిక మొక్కలకు సుమారు 16 సెంట్లు చాలు. అందులో ఇరవై పూనా, అయిదు డయానా వేసుకోండి. మిగిలిన డయానా పండ్లను ఎండబెట్టి అతిథులకు అమ్మవచ్చు.

స్మిర్నా రకాల జోలికి వెళ్లకండి. పరాగాన్ని మోసే ప్రత్యేకమైన చిన్న కందిరీగ లేకపోతే వాటి పిందెలు రాలిపోతాయి. కొట్లో కొన్న ఎండు అంజూర గింజలు మొలిపించడమూ వద్దు; వాటిలో తినడానికి పనికిరాని మగ మొక్కలు వస్తాయి.

వానాకాలపు పంట ఆశించకండి. అప్పుడు పండ్లు పగులుతాయి, తీపి తగ్గుతుంది, ఆకు అడుగున తుప్పు తెగులు కనిపిస్తుంది. చెట్లు ఎదిగాక సెప్టెంబరు, అక్టోబరుల్లో కొమ్మలు కత్తిరిస్తే ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా పండ్లు అందుతాయి. పిల్లల సెలవులూ అప్పుడే. తుప్పుకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి పిందె పడకముందే పిచికారీ ముగించండి. చెట్టు మీంచి కోసి నేరుగా నోట్లో పెట్టుకునే పండు మీద మందు పడకూడదు.

అతిథులకు పండు గుర్తుపట్టడం నేర్పండి. తొడిమ దగ్గర మెడ వాలుతుంది, తొక్క మీద సన్నని చారికలు విచ్చుతాయి, అడుగున కన్ను దగ్గర తేనెబొట్టు నిలుస్తుంది. నిటారుగా ఉన్న కాయను తెంపితే పాలు కారి చర్మం మండుతుంది. పిల్లలున్న ఇంటివాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

వానలకు నాటేవారు నర్సరీలో తల్లి చెట్టు చూపించమనండి. వేళ్ల మీద బొడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులవి. ఆ మొక్క ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.