నల్ల తెర మీద తెలుగు కథ

మా క్లబ్ గదిలో ఉన్న కంప్యూటర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కొన్న సెకండ్‌హ్యాండ్ డబ్బా. హైటెక్ సిటీ ఆఫీసులు వదిలించుకున్న డెస్క్‌టాప్‌లు కొన్ని ఇలాంటి షాపులకే చేరతాయి. కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. విండోస్ 11 దాన్ని దగ్గరికి రానివ్వదు కాబట్టి డెబియన్ ఎక్కించాను. ర్యామ్ తక్కువ కదా అని, ఇన్‌స్టాలర్ డెస్క్‌టాప్ కావాలా అని అడిగిన చోట టిక్ తీసేశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగా కూడా అనిపించింది.

ఆ గొప్ప రెండో రోజే దిగిపోయింది. మా జూనియర్ ఒకమ్మాయి ఈ సంచికకి రాసిన కథ పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. ఇంకో కాపీ లేదు. క్యాట్ కమాండ్‌తో తెరిచాను. అక్షరం ఉండాల్సిన ప్రతి చోటా ఒకే రకం పిచ్చి గుర్తు, పేజీల కొద్దీ. "కథ పోయిందా అన్నా?" అంది.

పోలేదు. 'ఫైల్' అనే కమాండ్ పెట్టి ఆ ఫైల్ పేరు ఇస్తే, అది యూటీఎఫ్-8 టెక్స్ట్ అని జవాబొచ్చింది. లోపల అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, చూపించడమే ఆ తెరకి చేతకాలేదు. మీకూ ఇలా జరిగితే కంగారుపడి ఫైల్ చెరిపేయకండి, అందులోనే సేవ్ కూడా కొట్టకండి.

ఎందుకు చేతకాదు? లినక్స్ కన్సోల్ ఫాంటులో మహా అయితే 512 బొమ్మలు పడతాయి. ఒక్కో బొమ్మ ఒక్కో గడిలో కూర్చోవాలి. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించింది 128 స్థానాలే కదా, సరిపోదా అనుకున్నాను. కానీ 'స్త్రీ' చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: మొత్తం ఆరు కోడ్‌లు. కంటికి కనిపించేది ఒక్క అక్షరం. ఒత్తు కిందికి దిగాలి, గుడి పైకెక్కాలి, తలకట్టు ఎగిరిపోవాలి. ఈ కూర్పు చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు దాన్ని వాడుకుంటాయి, మామూలు కన్సోల్‌కి ఆ సౌకర్యం లేదు. ఇంగ్లిష్ రాసుకునేవాడు డెస్క్‌టాప్ లేకుండా బతికేస్తాడు. తెలుగు రాయాలంటే మాత్రం అది ఉండాల్సిందే.

సరే, పెట్టుకుందాం. ముందు 'ఎల్ఎస్‌సీపీయూ' కొట్టి ప్రాసెసర్ 64 బిట్‌కి పనికొస్తుందో లేదో చూడండి. 2025లో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, అలాంటి మెషీన్ అయితే డెబియన్ 12 దగ్గరే ఆగాలి. నెట్‌కి లాన్ కేబుల్ పెట్టేయండి, పాత డబ్బాల్లో వైఫైతో కుస్తీ అనవసరం.

ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో మూడు ప్యాకేజీలు కావాలి: ఎక్స్‌ఆర్గ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ4, లైట్‌డీఎం. ఈ మూడూ ఏంటో తెలిస్తే చెడినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మొదటిది ఎక్స్ సర్వర్. 1984లో ఎంఐటీలో పుట్టింది, ఇప్పటి ఎక్స్11 వెర్షన్ 1987 నాటిది. తెర, కీబోర్డ్, మౌస్ దాని చేతిలో ఉంటాయి. సర్వర్ అంటే ఎక్కడో దూరంగా ఉంటుందనుకుంటాం కదా, ఇక్కడ అది మన ముందే కూర్చుంటుంది. ప్రోగ్రాములే దాని క్లయింట్లు. రెండోది ప్యానెల్, కిటికీలు, మెనూలు. మూడోది పాస్‌వర్డ్ అడిగే లాగిన్ తెర. గ్నోమ్ అందంగానే ఉంటుంది గానీ 2 జీబీకి బరువు. 1 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా వద్దు, ఎల్ఎక్స్‌డీఈ పెట్టండి.

రీబూట్ చేశాక నల్లగానే ఉండిపోతే భయపడొద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే మళ్లీ కన్సోల్ వస్తుంది. ఎక్స్‌ఆర్గ్ లాగ్ ఫైల్‌లో బ్రాకెట్లో రెండు 'ఈ'లున్న లైన్లు వెతకండి, అసలు తప్పు అక్కడుంటుంది. నా విషయంలో గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ లేదు, అంతే. దానికే ఒక సాయంత్రం పోయింది.

డెస్క్‌టాప్ వచ్చాక కూడా కథ డబ్బాలుగానే కనబడింది! ఫాంట్ లేదు మరి. ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేశాక అక్షరాలొచ్చాయి.

ఇక టైపింగ్. ఐబస్, ఐబస్-ఎం17ఎన్ వేసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది, ఆర్‌టీఎస్ కూడా ఉంటుంది. ఆర్‌టీఎస్ మన కథలాంటిదే. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తయారుచేసిన పద్ధతి అది. 'ఆర్' అంటే రైస్. అప్పటి యూనిక్స్ తెరలకీ తెలుగు రాదు, అందుకే ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాసుకునే దారి వెతికారు. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. ఆ అలవాటే ఇప్పటికీ మన వేళ్లలో ఉంది.

మెనూలు కూడా తెలుగులో కావాలంటే లొకేల్ మార్చుకోవచ్చు. గచ్చిబౌలిలోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం ఏళ్లుగా పనిచేస్తోంది. అందులో చాలామంది మనలాంటి ఇంజినీరింగ్ విద్యార్థులే.

ఒక్క హెచ్చరిక: ఫైర్‌ఫాక్స్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఈ డబ్బాని ఎవరూ కాపాడలేరు.

మూడో రోజు ఆ అమ్మాయిని పిలిచి, మౌస్‌ప్యాడ్‌లో ఫైల్ తెరిచి చూపించాను. మొదటి పేరా చదివింది. కిందిదాకా స్క్రోల్ చేసి ఆఖరి లైన్ ఉందో లేదో చూసుకుంది. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. "ముగింపు బాలేదు, మార్చాలి. కీబోర్డ్ ఇటివ్వన్నా" అంది.