రేవు తప్పిన దినము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, యాకోబు 4:13–17

మన సంఘములలో కూడికలకును వివాహములకును వేయించు పత్రికలలో "దేవుని చిత్తమైతే" అను మాట తరచుగా కనబడును. ఆ మాటను అచ్చువేయించుట సులభము. ఆ చిత్తము మన ఏర్పాటును త్రోసివేసిన దినమున సణగక లోబడుట కష్టము. ఈ పాఠమును నేర్చుకొనుటకు నేటి విహార నౌకను, పౌలు ఎక్కిన నాటి ధాన్యపు ఓడను ప్రక్కప్రక్కన ఉంచి చూతము.

1. రేవు కనబడును గాని దిగుటకు వీలుండదు

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమున ఫాక్‌లాండ్ దీవులు కలవు. వాటి ముఖ్యపట్టణము స్టాన్లీ. పెద్ద విహార నౌకలు వెలుపలి రేవైన పోర్ట్ విలియమునందు లంగరు వేయగా, యాత్రికులను చిన్న పడవలమీద ఒడ్డునకు చేర్చుదురు. గాలి హెచ్చినయెడల పడవ ఓడప్రక్కన నిలువదు. వృద్ధులు మెట్టునుండి పడవలోనికి అడుగు వేయలేరు. ఒడ్డు చేరినవారు సాయంకాలము తిరిగి రాలేకపోవు అపాయమును కలదు. అప్పుడు కప్తాను నేడు ఈ రేవులో దిగుట లేదని ప్రకటించును. పెంగ్విన్ పక్షులను చూడవలెనని విస్తారమైన సొమ్ము వెచ్చించి వచ్చినవారు నిరాశతో వెనుకకు మరలవలసినదే.

అటుపిమ్మట ఓడలోని దినచర్యయే మారిపోవును. పై అంతస్తుల తలుపులు మూయుదురు. కుర్చీలను కట్టివేసి, ఈతకొలనులోని నీటిని తీసివేయుదురు. నడచునప్పుడు కమ్మీని పట్టుకొనుడని హెచ్చరించుదురు. ఓడ మధ్యభాగమున, క్రింది అంతస్తులలో కుదుపు తక్కువగనుక తల తిరుగువారు అక్కడికి చేరుదురు. ఆ దినమునకు క్రొత్త కార్యక్రమము సిద్ధమగును.

కొందరు దానిని సంతోషముగా అంగీకరింతురు. కొందరు కప్తానుమీద సణుగుదురు. అయితే క్షేమముకొరకు మార్గము మార్చు అధికారము కప్తానునకు కలదని ప్రయాణపు ఒడంబడికలోనే వ్రాయబడియుండును. దానికి సమ్మతించి ఓడ ఎక్కినవారే దానిని మరచెదరు. యేసును ప్రభువని ఒప్పుకొని బాప్తిస్మము పొందిన మనమును ఆలాగే మరచుట లేదా?

2. మెల్లని గాలి

పౌలు ఎక్కిన ఓడ క్రేతులోని మంచిరేవులకు చేరునప్పటికి ఉపవాసదినము గతించెను. ఓడ ప్రయాణమునకు తగిన కాలము దాటిపోయెను. పౌలు హెచ్చరించెను గాని, శతాధిపతియైన యూలి నావికుని మాటను ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలము కాదు. ఫీనిక్సు మేలని అధికసంఖ్యాకులు తలంచిరి. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే తమ ఆలోచన సమకూడెనని లంగరెత్తిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిమీద పడెను.

అనుకూలమైన ప్రతి గాలియు దేవుని సమ్మతి కాదు. మూయబడిన ప్రతి రేవును ఆయన కోపము కాదు. ఇరుకైన మంచిరేవులలో ఆ చలికాలమును ఓర్చుకొనియుండినయెడల ఓడయు సరకును నిలిచియుండెడివి.

3. ముందుగా నింపవలసిన నూనె

2019 మార్చి నెలలో వైకింగ్ స్కై అను విహార నౌక నార్వే తీరమున పోవుచు, వాతావరణము చెడినందున బోడో పట్టణపు రేవును విడిచి ముందుకు సాగెను. మార్చి 23న తుఫానులో దాని యంత్రములు ఆగిపోగా, ఓడ బండలవైపు కొట్టుకొనిపోసాగెను. అందులో 1,373 మంది ఉండిరి. 479 మందిని హెలికాప్టర్లలో ఒక్కొక్కరినిగా పైకెత్తి ఒడ్డునకు చేర్చిరి. మరునాడు ఓడ మోల్డె పట్టణమునకు చేరెను. ఎవరును ప్రాణము కోల్పోలేదు. విచారణలో తేలినదేమనగా, యంత్రములకు కావలసిన కందెన నూనె తొట్లలో తక్కువగా ఉండెను. ఓడ అటునిటు ఊగినప్పుడు ఆ నూనె యంత్రములకు సరిగా అందలేదు.

నెమ్మదియైన సముద్రములో ఆ కొరత బయటపడలేదు. మన ప్రార్థనా జీవితపు కొరతయు ఆలాగే ఉండును. పదిమంది కన్యకల ఉపమానము మనకు తెలియును గదా.

4. దిగలేనివారిలో పనివారును ఉన్నారు

రేవు తప్పిన దినమున యాత్రికుని నష్టము ఒక దృశ్యము. పనివాని నష్టము వేరు. విహార నౌకలలో పనిచేయువారిలో మన భారతీయులు, ఫిలిప్పీన్స్ వారు, ఇండోనేషియా వారు అనేకులు. రేవులో దిగిన కొద్ది గంటలే వారికి విశ్రాంతి. ఇంటివారితో తీరికగా మాటలాడుటకు, 1856లో ఆరంభమైన మిషన్ టు సీఫేరర్స్ వంటి సంస్థల సేవకులను కలిసికొని ప్రార్థించుటకు అదియే సమయము. అది తప్పినను వారికి పని తగ్గదు. తలుపులు మూసిన ఓడలో వంటయు వడ్డనయు జరుగవలెను; గదులు శుభ్రపరచువాడు తనకు తల తిరుగుచున్నను ఇతరుల వాంతిని తుడువవలెను.

పౌలు చూపిన మాదిరిని గమనించుడి. అతడు ఖైదీ. తన హెచ్చరికను త్రోసివేసినవారి మధ్యనే పదునాలుగవ రాత్రి గడపి, తెల్లవారుచుండగా వారి ఆకలిని గూర్చి చింతించెను. అందరియెదుట రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, భుజించి వారిని ధైర్యపరచెను. 276 మందియు ప్రాణములతో మెలితే దీవి చేరిరి.

వానవలన మన సభ ఆగినప్పుడు మనము మన నిరాశను గూర్చియే మాటలాడుదుము. పందిరి వేసిన కూలివానికి కూలి ముట్టినదా? వంటవారు ఇల్లు చేరుటకు బస్సు కలదా? యాకోబు రేపటిని గూర్చి అతిశయింపవద్దని హెచ్చరించి, వెంటనే మేలు ఎరిగియు చేయకుండుట పాపమని ముగించెను. ఆ రెండును ఒకే పాఠము. మన ఏర్పాటు మారిన దినము పొరుగువాని అవసరతను చూచుటకు దేవుడిచ్చిన దినము కావచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ సంవత్సరము నీ ఏర్పాటులలో ఏది మారెను? దానివలన నీకంటె ఎక్కువగా నష్టపోయినవారు ఎవరు?
2. మెల్లని గాలిని చూచి దేవుని నడిపింపని నీవు తొందరపడుచున్న సంగతి ఏదైనను కలదా?
3. ఓడ పనికి వెళ్లినవారి కుటుంబము నీ సంఘములో ఉన్నయెడల ఈ వారము వారిని దర్శింతువా?

ప్రార్థన: ప్రభువా, మేము కోరిన రేవు మూయబడినప్పుడు సణుగుకొనక, మా ప్రక్కనున్నవానికి రొట్టె విరిచి ఇచ్చు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.