హ్యూస్టను వానాకాలము: మెట్టసీమనుండి వచ్చినవారికి

2023 ఏప్రిలులో, కల్వకుర్తినుండి వచ్చి యింకను పెట్టెలు పూర్తిగా విప్పని యొక యువదంపతులు మా యింటికి భోజనమునకు వచ్చిరి. జొన్నరొట్టెయు గోంగూర తొక్కును ముగించి చేయి కడుగుకొనుచు, ఆ చిన్నవాడు తానేదో లంకెబిందె కనుగొన్నట్లు నాతో నిట్లనెను: “కాకా, ఈ ఏడు ఎల్‌నినో అంట. తుఫాన్లు తక్కువే అంటున్నరు. ఇగ వరద ఇన్సూరెన్సుకు పైసలు దండుగే గదా?” ఆ మాట విన్నంతనే నాకు కోపము వచ్చెను, వానిమీద గాదు, ఆరేండ్ల క్రిందట అక్షరము పొల్లుపోకుండ ఆ మాటనే పలికి, దాని మూల్యమును మోకాటిలోతు మురుగునీటిలో నిలిచి చెల్లించిన నామీద. నాటినుండి ఏటేటా వేసవికి ముందు దేవరకొండవాడో నారాయణపేటవాడో యెవడో యొకడు అదే మాటతో మా గడప ద్రొక్కుచున్నాడు. ఒక్కొక్కనికి వేరువేరుగా చెప్పుటకు ఓపిక చాలక ఈ నాలుగు మాటలను వ్రాయుచున్నాను.

డ్రైవింగు లైసెన్సు, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు మున్నగువానిని గురించి నేను చెప్పవలసినది లేదు. అవి యెవరికైనను కొలది వారములలో చేజిక్కును. కందిపప్పునకు హిల్‌క్రాఫ్టు వీధికి పొండు, దైవదర్శనమునకు పేర్‌లాండులోని మీనాక్షీ ఆలయమునకు పొండు. చలికోటు కొనుటకు తొందర వలదు. ఇక వానను గురించి వినుడు.

అసలు దోషము మన పుట్టుకలోనే కలదు. రాళ్లగుట్టల నడుమ, ఊరి కుంటనే సముద్రమనుకొని పెరిగిన మనకు తుఫాను అనునది రేడియోలో వినవచ్చు మాట. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను గొన్నప్పుడు మన పెద్దలు పత్రికలు చదివి కన్నీరు పెట్టిరేగాని, ఆ భయము మన యెముకలలోనికి దిగలేదు. బంగాళాఖాతములో వాయుగుండము లేచినదన్నచో, అది తీరము దాటి నీరసించి మన మెట్టలపైకి వచ్చుసరికి రెండుదినముల ముసురుగా మారి, వాడుచున్న కందిచేనికి ప్రాణము పోసి, కుంటలో ఇంత నీరు నింపి పోవునుగదా యని ఆశపడుట మనకు తరతరాల యలవాటు. వానను శత్రువుగా తలచుట మనకు చేతగాదు. అందుచేతనే ఇక్కడ మొదటి తుఫాను హెచ్చరిక విన్ననాడు మనవాడు కిటికీకడ కుర్చీ వేసికొని, మిర్చిబజ్జీలు వేయించుకొని, వచ్చు చుట్టమునకై చూచినట్లు కూర్చుండును. ఆ వచ్చునది చుట్టము కాదు నాయనా!

ఇచ్చటి హరికేను కాలము జూన్ 1న మొదలై నవంబరు 30న ముగియును. దాని యుద్ధృతి సెప్టెంబరు 10 ప్రాంతమున శిఖరము నందును. మన కార్తెలలో చెప్పవలెనన్న, మృగశిర ప్రవేశించుటకు వారము ముందే ఆరంభమై మఖ, పుబ్బలలో ముదురును. మఖపుబ్బలు వరుపైనచో కరువు తప్పదని మా యమ్మ అరచేయి నొసట చేర్చి యే ఆకాశమునందు మబ్బుతునకకై వెదకెడిదో, ఆ కార్తెలలోనే నేనిక్కడ ఆ ఆకాశమునే చూచి మబ్బు రావలదని మ్రొక్కుచున్నాను.

మన పంచాంగశ్రవణమువంటి తంతు ఇక్కడను కలదు, అదియు ఇంచుమించు ఉగాది రోజులలోనే. కొలరాడో స్టేటు విశ్వవిద్యాలయమువారు ఏప్రిలులో ఆ యేటి అట్లాంటికు తుఫానుల సంఖ్యను అంచనా వేసి ప్రకటింతురు. ఇది 1984లో ఆచార్య విలియం గ్రే ప్రారంభించిన సంప్రదాయము. ప్రభుత్వసంస్థయగు నోవా మే చివర తన లెక్కను వెలువరించి ఆగస్టులో సవరించును. 1991 మొదలు 2020 వరకు గల సగటును బట్టి ఏటికి పేరుపెట్టదగిన తుఫానులు 14, వానిలో హరికేనులగునవి 7, ఆ యేడింటిలో ప్రచండమైనవి 3. అట్లాంటికు నీరు ఎంత వెచ్చబడినది, పసిఫికులో ఎల్‌నినో కలదా లేదా యనునవి ఈ లెక్కకు ముఖ్యాధారములు. పసిఫికు నడుమ నీరు వేడెక్కినయేడు అట్లాంటికుపై మింటి పైపొరలలో పడమటి గాలులు బలిసి, క్రిందిగాలి ఒకదిక్కునకు, పైగాలి ఒకదిక్కునకు లాగగా, నిలువుగా పేరుకొనవలసిన తుఫాను తల తెగిన కుమ్మరిసారెవలె ఒరిగిపోవును.

ఇందులో మనకొక వింత చుట్టరికము కలదు. 1904లో భారత వాతావరణశాఖకు అధిపతియైన గిల్బర్టు వాకరు, మన ఋతుపవనములు ఏ యేడు ముఖము చాటువేయునో ముందుగా నెరుగగోరి, దేశదేశముల వాయుపీడనముల పట్టికలను ఏండ్లతరబడి శోధించి, పసిఫికునకు ఒక కొసను పీడనము హెచ్చినపుడు వేరొక కొసను తగ్గునట్టి మహాందోళనమును కనుగొని దానికి ‘సదరన్ ఆసిలేషన్’ అని పేరిడెను. ఎల్‌నినోకును దానికిని గల ముడి తరువాత బయటపడెను. ఆ ముడినుండి అట్లాంటికువైపు సాగిన దారమును గ్రే పట్టుకొనెను. తరచుగా ఏ ఎల్‌నినో పాలమూరు చేలను ఎండగట్టునో ఆ ఎల్‌నినోయే హ్యూస్టనువైపు రావలసిన తుఫానులను చీల్చివేయును. అక్కడ అమ్మ యేడ్చిన యేడు ఇక్కడ కొడుకు నిశ్చింతగా నిద్రించునన్నమాట. ఈ ఆలోచన నన్ను మొదట నవ్వించినది, పిమ్మట నవ్వనీయలేదు.

ఇక నా మూర్ఖత్వము. 2017 ఏప్రిలులో వెలువడిన అంచనా, ఎల్‌నినో రాగలదన్న యూహతో, 11 తుఫానులు, 4 హరికేనులని చెప్పెను, సగటుకంటె తక్కువ. దానిని చదివి నేను ఆ యేటి వరద బీమాసొమ్మును మిగిల్చి ఊరిప్రయాణమునకు టికెట్లు కొంటిని. అప్పటికి రెండేండ్ల క్రిందటనే బార్కరు జలాశయమునకు పడమట ఇల్లు కొనియుంటిని. అది ఏడాదిలో చాలభాగము నీరుండని జలాశయము. 1940ల నాటి కట్ట, దాని వెనుక గడ్డియు చెట్లును జింకలును. నేను దానిని ఉద్యానవనమనుకొని సాయంకాలములందు పిల్లలను నడిపించెడివాడను. చెరువుకట్టకు లోపలివైపున నీరు వెనుకకు ఎంతదూరము ఎగదన్నునో నల్లగొండ జిల్లాలో పశువుల కాపరికి తెలియును. శిఖం భూమిలో గుడిసె వేసికొన్నవానిని మా తాత నోటికి వచ్చినట్లు తిట్టెడివాడు. ఆయన మనుమడను, పట్టభద్రుడను, ముప్పదియేండ్ల అప్పు చేసి చెరువు శిఖములో ఇల్లు కొంటిని!

ఏప్రిలు మాట ఆగస్టుదాక నిలువలేదు. ఎల్‌నినో రాలేదు. నోవావారు మేలో 11 మొదలు 17 అనియు, ఆగస్టులో 14 మొదలు 19 అనియు లెక్కను పెంచిరి. తుదకు వచ్చినవి 17; అందు హరికేనులు 10. తప్పు జోస్యము చెప్పినవారిదని యనకుడు. ఏప్రిలు అంచనా పచ్చికాయ యని వారే చెప్పుదురు. నాకు నచ్చిన మాట దొరకగనే నేను చెవులు మూసికొంటిని.

ఆగస్టు 23న హార్వీ అను తుఫాను మెక్సికో సింధుశాఖలో మరల ప్రాణము పోసికొన్నదని విని, బీమా అమ్ము మనిషికి ఫోను చేసితిని. ఆయన మర్యాదగానే చెప్పెను: వరద బీమా సొమ్ము కట్టిన 30 దినములకుగాని అమలులోనికి రాదు. 30 దినములు! తుఫానునకు 2 దినముల దారి. ఇంటిబీమా ఉన్నదిగదా యంటిని. దానిలో వరదనీరు చేరదనెను. ఆ పత్రములపై ఏటేటా సంతకము చేయుచు ఆ వాక్యమును నేనెన్నడును చదువలేదు.

25వ తేదీ రాత్రి హార్వీ నాలుగవ తరగతి హరికేనుగా మాకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున రాక్‌పోర్టు కడ నేల తాకెను. గండము గడచినదని పండుకొంటిమి. అది నీరసించి ఉత్త తుఫానై, ఆవలికి పోక యీవలికి రాక, బురదలో దిగబడిన బండివలె టెక్సాసుపై నిలిచిపోయి కురిసెను. నెదర్లాండు అను ఊరిలో 60.58 అంగుళములు కురిసినది; పాలమూరున రెండేండ్లకు కురియు వాన యని తలచుడు. జలాశయము నిండి వెనుకకు ఎగదన్నగా, తెల్లవారుజామున మా స్నానాలగది తూములోనుండి నీరు బుసబుస పొంగెను. పిల్లలను మేజాపై కూర్చుండబెట్టితిమి. మధ్యాహ్నమునకు ముఖమెరుగని వారెవరో చేపలు పట్టు పడవలో వచ్చి మమ్ము చేర్చుకొనిరి.

ఆశ్రయమిచ్చిన మిత్రుని యింటిలో ఉండగా అమ్మ ఫోను చేసెను. “బిడ్డా, టీవీల జూపిస్తున్నరు, మీ ఊరు మునిగిందంట. పిల్లలు మంచిగున్నరా?” అన్నియు చెప్పితిని. కొంతసేపు మాటలేదు. పిదప, తనలో తాననుకొన్నట్లుగా, “మన చెర్వు ఇంక సగమన్న నిండలే. గా వానల సగం మనకు రాకపాయె” అనెను. తడిసిన గోడలను నడుమువరకు కోసి పారవేసిన నెలలలోను, బూజువాసనలోను, అప్పులలోను నాకు కలుగని దుఃఖము ఆ మాటకు కలిగెను.

కావున వినుడు. వరద బీమాకు 30 దినములు. మరల చెప్పుచున్నాను, 30 దినములు; తుఫాను పేరు టీవీలో విన్నపిమ్మట కట్టుట పెండ్లి యైన పిదప జాతకము చూచుటవంటిది. ఇల్లు కొనునప్పుడు అప్పుతోపాటుగా తీసికొన్నచో ఆ గడువు లేదు, అప్పుడే తీసికొనుడు. ప్రభుత్వబీమా ఇంటికి 2,50,000 డాలర్లవరకు, సామానునకు 1,00,000 వరకు ఇచ్చును. అద్దెకున్నవారును సామానునకు కట్టవచ్చును. మీ యిల్లు వరదపటములో లేదని అమ్మినవాడు చెప్పెనా? నాకును చెప్పెను. నూరేండ్లవరద యన్నది నూరేండ్లకొకసారి వచ్చునది కాదు, ఏటేటా నూటికొకపాలు ఆస్కారము గలది. ముప్పదియేండ్ల అప్పుకాలమునకు లెక్కించిన ఆ యాస్కారము నూటికి 26.

ఇక ఆ కల్వకుర్తి చిన్నవానికి చెప్పినది మీకును చెప్పెదను. పంచాంగమునందు మేఘాధిపతి యెవరో, ఎన్ని కుంచముల వానయో చెప్పినపిమ్మట, అందులో సముద్రముపై ఎన్ని భాగములు, భూమిపై ఎన్ని యనియు విప్పి చెప్పుదురు. ఇక్కడి అంచనాలో నీవు విన్న సంఖ్య మహాసముద్రమంతటిది. నడికడలిలో పుట్టి నడికడలిలో గిట్టు తుఫానులును అందులోనివే. అది నీ వీధిని గురించి యేమియు చెప్పదు. 1983లో పేరుపెట్టిన తుఫానులు నాలుగే. వానిలో ఒకటియైన అలీసియా ఆగస్టు 18న హ్యూస్టనును చితకగొట్టెను. 1992లో మొదటి పేరుగల తుఫాను ఆగస్టుదాక రానేలేదు. వచ్చిన ఆ యొక్క ఆండ్రూ దక్షిణ ఫ్లోరిడాను నేలమట్టము చేసెను. ఇంతదూరమేల? 2009లో ఎల్‌నినో, దేశమంతట అనావృష్టి. అయినను అక్టోబరు మొదటివారమున తుంగభద్రయు కృష్ణయు పొంగి మన అలంపురమును ముంచలేదా? కరువేడు వరద రాదని నీకెవరు చెప్పిరిరా? వాడు తలవంచుకొనెను. ఆ 2023లో ఎల్‌నినో వచ్చెను, 20 తుఫానులును వచ్చెను. అట్లాంటికు నీరు అంతగా కాగియుండెను. హ్యూస్టను తప్పించుకొనినది. మరుసటియేడు జూలై 8న బెరిల్ ఒకటవ తరగతిదే వచ్చి, ఇరవైలక్షలకు పైబడిన కనెక్షన్లకు విద్యుత్తు లేకుండ చేసెను.

తక్కిన సంగతులు క్లుప్తముగా. తరగతిసంఖ్య గాలికే, నీటికి గాదు. 2001లో ఆలిసన్ అను తుఫాను హరికేనుకూడ కాకయే హ్యూస్టను వైద్యకేంద్రమును ముంచెను. మయామిలోని జాతీయ హరికేను కేంద్రమువారు గీయు శంఖాకారపు పటము తుఫానుకేంద్రము నడచు దారినే తెలుపును, అదియు మూడింట రెండుపాళ్లే నమ్మకము. శంఖమునకు వెలుపల నున్నాము గదా యని ఊరకుండవలదు. తీరపు మండలములవారిని పొమ్మన్నప్పుడు పోవలెను. తక్కినవారు దారులు నింపరాదు, 2005లో రీటా అను హరికేనుకు జడిసి అందరును ఒక్కసారి బయలుదేరి దారిలోనే పలువురు ప్రాణములు విడిచిరి. జనరేటరును గ్యారేజీలో నడుపకుడు; దాని పొగ చప్పుడు లేకుండ చంపును.

పాలమూరువారికి వలస క్రొత్తగాదు. దేశమందలి ఆనకట్టలకు మన్ను మోసినవారిలో మనవారెందరో; ఎచ్చట నీరు నిలుపవలెనో ఎరిగిన చేతులవి. ఆ చేతుల బిడ్డలము నీటిదారి యెరుగకుండుట సిగ్గుచేటు. కనుక ఉగాదినాడు పచ్చడి తినుడు, పంచాంగము వినుడు, ఆ సాయంత్రమే బీమా కట్టుడు; జూన్ 1 నాటికి గడువు చెల్లిపోవును. ఆ యేటి అంచనా ఎక్కువన్నను కట్టుడు, తక్కువన్నను కట్టుడు.

మఖ ప్రవేశించిన నాటినుండి ప్రతి ఆదివారము నేను అమ్మకు ఫోను చేయుదును. “చెర్వు మత్తడి దుంకిందా అమ్మా?” అని నేనడుగుదును. “మీకాడ వాన వెలిసిందా బిడ్డా?” అని ఆమె యడుగును.