మొండి క్రిములకు మందు, బలము రెండును కావలెను

ఏలూరు కాలువ గట్టున గాని, కొల్లేటి లంకలలో గాని జ్వరము వచ్చిన ఇంట మొదట వినబడు మాట “ఒక సూది వేయించుకొనిన పోవును” అని. రెండు దినములలో జ్వరము తగ్గును. మిగిలిన మాత్రలు గూటిలో పడియుండును. ఈ అలవాటు గ్రామమునకు ఎంత చేటు తెచ్చునో పంచాయతీ సభ్యులు గ్రహింపవలసియున్నది.

క్రిములు మొండివగుట ఎట్లు?

చేనిలో కలుపును సగము తీసి వదలినచో గట్టి వేరుగల మొక్కలే నిలిచి విత్తు రాల్చును. యాంటిబయాటిక్ మందును మధ్యలో మానినను అంతియే. బలహీనమైన క్రిములు చచ్చును. మందునకు లొంగనివి మిగిలి వృద్ధి పొందును. అవి రోగి నుండి ఇంటివారికి, ఇంటి నుండి ఊరికి ప్రాకును. చేపల, రొయ్యల చెరువులలో ఈ మందులు చల్లినను నీటిలో మొండి క్రిములు పెరుగును. ఆ నీరు కొల్లేటిలో కలిసి ఉప్పుటేరు గుండా సముద్రము చేరువరకు ఎన్నియో గ్రామములను తాకును. చెరువులలో క్లోరంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల వాడకము నిషిద్ధము.

శరీరబలము చేయు పని

మందు ఒక్కటియే రోగమును కుదుర్చునని తలచుట పొరపాటు. టెట్రాసైక్లిన్ వంటి కొన్ని మందులు క్రిముల పెరుగుదలను ఆపును. వానిని తుదముట్టించునది మన రక్తములోని తెల్లకణములే. తిండి చాలని దేహమున ఆ సైన్యము నీరసించును.

ఇందుకు మన సీమవాడే నిదర్శనము చూపెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధితో మరణించిరి. అమెరికాలో ఆయన నడపిన పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. అచ్చటనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ జాతిలో ఇది మొదటిది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూసిరి. నేడు స్ప్రూకు వైద్యులు టెట్రాసైక్లిన్ జాతి మందును, ఫోలిక్ ఆమ్లమును కలిపి నెలల తరబడి ఇచ్చుచున్నారు. ఒకటి క్రిమిని అణచును, రెండవది రక్తమును, ప్రేగును బాగుచేయును.

క్షయలోను ఇదియే నీతి. జార్ఖండులో 2019 నుండి 2022 వరకు జరిగిన పరిశీలనలో క్షయరోగులకు మందులతోబాటు నెలకు సుమారు 10 కిలోల ఆహారదినుసులు ఇచ్చిరి. మొదటి రెండు నెలలలో బరువు పెరిగినవారిలో మరణములు తక్కువగా నుండెను. ఇంటివారికి కూడ దినుసులు అందినచోట వారికి క్షయ సోకుట నూటికి సుమారు 40 పాళ్లు తగ్గెను. మందులకు లొంగని క్షయకు 2024లో మన దేశము నాలుగు మందుల కొత్త చికిత్సను ఆమోదించినది. ఆరు నెలలు పట్టు ఆ చికిత్సకును తిండి తోడు కావలెను.

బలమనగా “బలము సూది”, సెలైను సీసా కాదు. పప్పు, గ్రుడ్డు, పాలు, కొల్లేటి చేప: ఇవియే బలము. శాస్త్రజ్ఞులు రోగనిరోధకశక్తిని రేపు ఔషధములను యాంటిబయాటిక్‌లతో కలిపి పరీక్షించుచున్నారు. అవి వచ్చువరకు మన చేతనున్నది అన్నము, టీకా, శుభ్రమైన నీరు.

పంచాయతీ చేయదగిన పనులు

1. రెండు వారములకు మించి దగ్గువానిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపి కళ్లె పరీక్ష చేయించుట. పరీక్ష, మందులు ఉచితము.

2. చికిత్స ముగియువరకు మందు మానకుండ చూచుట.

3. నిక్షయ్ పోషణ్ యోజన క్రింద నెలకు రూ. 1,000 (2024 నవంబరు నుండి) రోగి ఖాతాలో పడుచున్నదో లేదో విచారించుట.

4. మంచినీటి ట్యాంకులో క్లోరిన్ కలిపించుట, పిల్లల టీకాలు తప్పకుండ చూచుట.

5. వైద్యుని చీటి లేక యాంటిబయాటిక్ కొనరాదని, చెరువులలో చల్లరాదని గ్రామసభలో చెప్పుట.

2023లో ఆరంభమైన క్షయరహిత పంచాయతీ కార్యక్రమము ఈ బాధ్యతను మీ చేతిలోనే ఉంచినది. కొత్త మందు కనుగొనుటకు ఏండ్లు పట్టును. ఉన్న మందును కాపాడుకొనుటకు నేటి గ్రామసభ చాలును.